ఫిట్టరు పైడిరాజుకు సామర్థ్యం కల్పించిన వైనం

గెడ్డవలస పురపాలక సంఘం నీళ్ళ విభాగంలో ఫిట్టరుగా ఉన్న కోరాడ పైడిరాజుకు ముప్ఫై ఏళ్ళ సర్వీసులో మొట్టమొదటి మెమో వచ్చింది పని చెయ్యనందుకు కాదు, పని వచ్చి ఉన్నందుకు.

అంతకుముందు మెమోలు రాకపోవడానికి అతని క్రమశిక్షణ కారణమనుకుంటే పొరపాటు. కుళాయిలో నీళ్ళు ఆగినప్పుడు తప్ప అలాంటి మనిషి ఒకడున్నాడని ఆఫీసులో ఎవరికీ గుర్తుండేది కాదు. ఊళ్ళో భూమి కింద పైపులు ఎటునుంచి ఎటు పోతున్నాయో చూపించే పటం ఒకప్పుడు ఉండేదని, దాన్ని చెదలు తినేశాయని రికార్డుల్లో భద్రంగా రాసి ఉంది. చెదలు తినని పటం పైడిరాజు బుర్రలో ఉంది. తెల్లవారి అయిదింటికి నీళ్ళు వదిలేసరికి అతను పొడుగాటి ఇనుప ఊచ ఒకటి సైకిలుకు కట్టుకుని బయలుదేరేవాడు. అనుమానం తగిలిన చోట దిగి, ఊచ ఒక కొన రోడ్డుకు, రెండో కొన చెవి వెనక ఎముకకు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. లోపల పైపు బాగుంటే ఏమీ వినిపించదు. సన్నటి పగులుంటే పసిబిడ్డ పాలు తాగుతున్నట్టు ఉంటుంది. జాయింటు వదిలితే కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు ఉంటుంది. చప్పుడు ఎక్కడ ముదిరితే అక్కడ సుద్దముక్కతో గీత గీసి తవ్వమనేవాడు. పది చోట్ల గీస్తే తొమ్మిది చోట్ల లీకు దొరికేది. పదో చోట కూడా ఉండేదే గాని, తవ్వేవాళ్ళు అప్పటికి భోజనానికి వెళ్ళి మరి వచ్చేవారు కాదు.

ఇలా ఉండగా, గెడ్డవలస పంపుహౌసు నుంచి వదిలిన నీళ్ళలో సగం కుళాయిల దాకా రాకుండా దారిలోనే ఇంకిపోతున్నాయని ఎవరో కనిపెట్టారు. పైడిరాజు గీసిన చోటల్లా తవ్వడానికి నలుగురు మనుషులుంటే తీరిపోయే బాధ అది. ఆ నలుగురి కోసం అతను తొమ్మిదేళ్ళుగా అర్జీలు పెడుతూనే ఉన్నాడు. నలుగురు కూలీలను ఇవ్వడం చాలా కష్టమైన వ్యవహారం గనక, ప్రభుత్వం వారు విదేశం నుంచి నిపుణుణ్ణి తెప్పించారు.

ఏడాదిలో సగం రోజులు మంచు కురిసే ఒక దేశంతో అయిదేళ్ళకు ఒప్పందం కుదిరింది. దాని పేరు పురపాలక నీటి నష్ట నివారణ దీర్ఘకాలిక సాంకేతిక సహకార పథకం. ఆ పేరు పూర్తిగా పలికేలోగా ఒక బిందె నిండుతుందని కుళాయిల దగ్గర ఆడవాళ్ళు చెప్పుకున్నారు. పాత ఆయుర్వేద ఆసుపత్రికి రంగులు వేసి, గదులకు ఏసీలు పెట్టి, పథకం ఆఫీసు తెరిచారు. బోర్డు మీద రెండు చేతులు ఒక నీటిబొట్టును పట్టుకుని ఉంటాయి. అందులో మనది ఏ చెయ్యో ఆఖరిదాకా తెలియలేదు.

పథకానికి డైరెక్టరుగా మల్లంపల్లి త్రివిక్రమరావుగారు వచ్చారు. ఇంజనీరుగా పెద్ద పెద్ద హోదాలు చూసిన మనిషి. పైపు అన్న మాట ఆయన నోట వినిపించేది కాదు, భూగర్భ ఆస్తి అనేవారు. లీకును లెక్కకు రాని జలం అనేవారు. దాహం వేస్తే అటెండరును పిలిచి మాత్రం నీళ్ళు అనే అడిగేవారు.

నిపుణుడి పేరు యోర్గెన్. ఆరున్నర అడుగుల మనిషి. మొదటి వారంలోనే ఎండకు ఉడికిన రొయ్యలా తయారయ్యాడు. ఊరి చివర చేపలవీధిలో ఆడవాళ్ళకు ఆ పేరు నోరు తిరక్క రెండో రోజుకే అతన్ని జోగినాయుణ్ణి చేసేశారు. అతనూ ఆ పేరుకే పలికేవాడు.

ఏ పథకానికైనా ముందు బేస్‌లైను ఉండాలన్నారు. అంటే సాయం అందకముందు ఇక్కడివాళ్ళు ఎంత అధ్వాన్నంగా ఉన్నారో కొలిచి రాసుకోవడం. రేప్పొద్దున బాగుపడ్డారని చూపించాలంటే ఇవాళ బాగులేరని కాగితం మీద ఉండాలి కదా. అందుకని బస్టాండు వెనక సందులో పరీక్ష పెట్టారు. యోర్గెన్ పెట్టెలోంచి యంత్రం తీసి, చెవులకు తగిలించుకుని, రెండు గంటలు నడిచి నాలుగు చోట్ల లీకులున్నాయన్నాడు. పైడిరాజు ఊచ పట్టుకుని ముప్పావుగంటలో పదకొండు గీతలు గీశాడు. తవ్వి చూస్తే పదకొండూ ఉన్నాయి. యంత్రం చూపించిన నాలుగింటిలో మూడు ఆ పదకొండులోవే. నాలుగోది టిఫిన్ హోటల్లో తిరుగుతున్న గ్రైండరు.

యోర్గెన్ ఊచను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పైడిరాజు చెయ్యి పట్టుకుని వదల్లేదు. త్రివిక్రమరావుగారు మాత్రం ముఖం వేలాడేసుకుని జీపెక్కారు.

మర్నాడు పైడిరాజును ఆఫీసుకు పిలిపించారు. మునిసిపాలిటీ తరఫున పథకానికి అతుకుపెట్టిన అసిస్టెంటు ఇంజనీరు భానోజీరావు కూడా పక్కనే నిలబడ్డాడు. డైరెక్టరుగారు కోప్పడలేదు. ఆయనెప్పుడూ కోప్పడరు, వివరిస్తారు.

"చూడు పైడిరాజూ, ఇది రెండు దేశాలు సంతకం చేసిన కాగితం. స్థానిక సామర్థ్యం సున్నా అని ఇందులో ఉంది. ఆ సున్నాను అయిదేళ్ళలో నూరు చెయ్యడానికి ఆయన అంత దూరం నుంచి వచ్చారు. నువ్వు మొదటిరోజే తొంభై దగ్గర నిలబడితే ఆయన్ని ఎక్కడ నిలబెట్టమంటావు?"

పైడిరాజుకు ఆ ఇబ్బంది నిజంగానే అర్థమైంది. అర్థమైంది గనకే సులువైన ఉపాయం చెప్పాడు.

"అలగైతే బాబూ, మా సెక్షన్ల పని రానోళ్ళు నలుగురున్నారు. ఆళ్ళకి నేర్పమనండి. నాను కూడా సాయం పడతాను."

డైరెక్టరుగారు జాలిగా చూశారు. నేర్చుకునేవాడు విభాగంలో అందరికన్నా సీనియరై ఉండాలని ఒప్పందంలో ఉందట. సీనియరు పైడిరాజే. అతనికి వచ్చన్నది కేవలం వాస్తవం. వాస్తవం కోసం ఒప్పందాన్ని సవరించాలంటే ఫైలు రెండు రాజధానులు తిరగాలి. అంతకన్నా పైడిరాజును సవరించడం తేలిక.

సాయంత్రానికి మెమో చేతికందింది.

"మీరు పథకం ప్రారంభ తేదీకి పూర్వమే, ఏ విధమైన శిక్షణయు పొందకుండా, పై అధికారుల అనుమతి లేకుండా, నీటి లీకులు కనిపెట్టు సామర్థ్యమును కలిగియున్నట్లు పరీక్షలో వెల్లడైనది. సదరు సామర్థ్యమును తక్షణమే నిలుపుదల చేయవలసినదిగానూ, ఇకమీదట పథకం ద్వారా దశలవారీగా మాత్రమే పొందవలసినదిగానూ ఆదేశించడమైనది."

ఊచను స్వాధీనం చేసుకుని స్టోరులో పెట్టారు. బేస్‌లైను సున్నా అని నమోదైంది.

శిక్షణ ఏప్రిల్లో మొదలైంది. మొదటి మూడు నెలలూ తరగతులు. నీరు అనగానేమి, పైపు అనగానేమి, నీరు పైపులో ఏల ప్రవహించును. పైడిరాజు ఒక్కడే విద్యార్థి. అతను బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చునేవాడు. యోర్గెన్ ఇంగ్లీషులో పాఠం చెబితే భానోజీరావు తెలుగులో చెప్పేవాడు. పదో రోజున యోర్గెన్ సుద్ద కింద పెట్టేసి, ఈ తరగతులు తీసేసి మనం రోడ్డు మీదికి పోదామని డైరెక్టరుగారిని అడిగాడు. తరగతులకు హాజరుపట్టీ ఉందని, రోడ్డుకు లేదని ఆయన జవాబిచ్చారు.

జులైలో రోడ్డెక్కనిచ్చారు. ఆఫీసు గోడమీద పెద్ద గ్రాఫు తగిలించి ఉండేది. మెట్లలాగా అయిదు గీతలు. మొదటి ఏడు ఇరవై లీకులు, రెండో ఏడు నలభై, ఆపైన అరవై, ఎనభై, నూరు. స్టోరులో ఉన్న ఊచను యోర్గెన్ తన పేరిట, విదేశీ నిపుణుని ఉపకరణంగా రాయించి విడిపించాడు. తెల్లవారగట్ల ఇద్దరూ చెరో సైకిలు మీద బయలుదేరేవారు. కాగితాల్లో పైడిరాజు నేర్చుకుంటున్నాడు, యోర్గెన్ నేర్పుతున్నాడు. రోడ్డు మీద ఊచ యోర్గెన్ చెవి దగ్గరుండేది, పైడిరాజు పక్కన నిలబడి, "ఏటి ఇనిపించింది సెప్పండి?" అని అడుగుతుండేవాడు. మొదట్లో యోర్గెన్‌కు తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. వారం తిరిగేసరికి పసిబిడ్డకూ పెనానికీ తేడా తెలిసింది. రానురాను తెలుగు కూడా వచ్చింది, పైడిరాజుకు ఎలాంటిది వచ్చో అలాంటిదే.

తొమ్మిది రోజుల్లో ఇరవై లీకులూ పూర్తయ్యాయి. పదో రోజున భానోజీరావు ఒగరుస్తూ వచ్చి, ఏడాదికి సరిపడా సామర్థ్యం వచ్చేసిందని, మళ్ళీ ఏప్రిల్ దాకా రాకూడదని చెప్పాడు. అతను చెడ్డవాడేం కాదు. గ్రాఫులో మెట్టు దాటితే లక్ష్యాలను మొదట్లోనే తక్కువ వేశారని పైవాళ్ళు అడుగుతారు, తక్కువ ఎందుకు వేశారంటే బేస్‌లైను తప్పని తేలుతుంది, బేస్‌లైను తప్పైతే పథకమే ఉండదు. ఇదంతా అతను ఒక్క ఊపిరిలో చెప్పేసి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

ఆ వారంలోనే మెయిన్‌రోడ్డు మీద గాంధీ బొమ్మ ఎదురుగా పైపు పగిలి, తాటిచెట్టంత ఎత్తున నీళ్ళు చిమ్మాయి. ఆటోలవాళ్ళు బళ్ళు తెచ్చి కడుక్కోసాగారు. ఊళ్ళో పుట్టుగుడ్డికి కూడా తెలిసిన ఆ లీకును కాగితం మీద గుర్తిస్తే అది ఇరవై ఒకటోది అవుతుంది. అందుకని చుట్టూ వెదుళ్ళు పాతి బోర్డు పెట్టారు: "ఇది ఇంకనూ గుర్తించబడని లీకు. వాహనములు నెమ్మదిగా నడుపుడు." ఆ బోర్డు కింద ఎనిమిది నెలలు నీళ్ళు పోయాయి. పైడిరాజు అటు వెళ్ళవలసి వస్తే వెనకవీధిలోంచి తిరిగి వెళ్ళేవాడు. వైద్యుడు రోగిని చూసి ముఖం తిప్పుకున్నట్టు ఉండేది అతనికి.

రెండో ఏడు నలభై లీకులూ జులై దాటకుండానే అయిపోయాయి. ఆగస్టు వానల్లో చేపలవీధి పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. వారంలో తొమ్మిదిమంది పిల్లలు ప్రభుత్వాసుపత్రిలో చేరారు. ఎండుచేపలు అమ్ముకునే పోలమ్మ మనవరాలు వాళ్ళలో ఒకతె. మూడేళ్ళ పిల్ల. పోలమ్మ పొద్దున్నే ఒక సీసాలో నీళ్ళు పట్టుకుని పైడిరాజు ఇంటికి వచ్చింది. సీసా ఎత్తి చూస్తే అడుగున నల్లటి మడ్డి కనిపించింది. మూత తియ్యకుండానే వాసన తెలిసింది.

పైడిరాజు చేపలవీధికి వెళ్ళాడు. ఊచ అక్కర్లేకపోయింది. కల్వర్టు దగ్గర పైపు మురుగుకాలువలోంచి దాటుతుంది. నీళ్ళు వదిలినప్పుడు అక్కడ బుడగలు లేస్తున్నాయి, కట్టేసినప్పుడు కాలువ నీరు లోపలికి పీల్చుకుంటున్నట్టు చప్పుడవుతోంది. అతను తిన్నగా భానోజీరావు దగ్గరికి, ఇద్దరూ కలిసి డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళారు.

డైరెక్టరుగారు ఫైలు మూసి సావధానంగా విన్నారు. విని గ్రాఫు వైపు చూశారు. ఈ ఏడాదికి ఇరవైనుంచి నలభైకి సామర్థ్యం పెరగడం పూర్తయిందని, నలభై ఒకటో లీకును కనిపెట్టగల శక్తి పైడిరాజుకు ఏప్రిల్ ఒకటో తేదీన గాని సిద్ధించదని చెప్పారు. అయితే సమస్యను తాము ఉపేక్షించడం లేదన్నారు. చేపలవీధిలో అవగాహన సదస్సు పెట్టిస్తారట. నీళ్ళు కాచుకుని తాగవలెనని రంగుల్లో పోస్టర్లు వేయిస్తారట.

"మురుగునీరు కాస్తే మరిగిన మురుగవుద్ది బాబూ," అన్నాడు పైడిరాజు.

ఆ మాట పోస్టర్ల నాణ్యత మీద వచ్చిన సూచనగా నమోదైంది.

ఇంటికి వచ్చి అతను అన్నం ముందు కూర్చున్నాడు గాని కలపలేదు. నాలుగేళ్ళలో రిటైరవుతాడు. ఇప్పుడు రెండో మెమో వస్తే సస్పెన్షనని భానోజీరావు దారిలో చెవిన వేశాడు. భార్య సన్యాసమ్మ సంగతంతా విని, పళ్ళెం అతని ముందుకు జరిపింది.

"నీకు మెమో ఇస్తే తెచ్చి దూలం సందున పెడతావు. ఆ పిల్లలకేటి రాసిస్తారు?" అంది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి, అందరూ చూస్తుండగా, పైడిరాజు కల్వర్టు దగ్గర కాలువలోకి దిగాడు. పోలమ్మ, వీధిలో ఆడవాళ్ళు బుట్టలతో మడ్డి ఎత్తి పోశారు. కాసేపటికి యోర్గెన్ సైకిలు మీద వచ్చాడు. ఏమీ అడగకుండా చెప్పులు విప్పి, తెల్లటి కాళ్ళతో మోకాలిలోతు మురుగులోకి దిగి, పైపు కింద భుజం పెట్టాడు. పగిలిన ముక్క కోసి, కొత్తది వేసి, అతుకు మీద ఇనుప కాలరు బిగించేసరికి మధ్యాహ్నమైంది. కుళాయి తిప్పితే అరగంట ఎర్రగా వచ్చి, ఆ తరవాత తెల్లగా వచ్చాయి నీళ్ళు. పోలమ్మ దోసిలి పట్టి వాసన చూసింది. చూసి, తాగకుండా ముఖం కడుక్కుంది. వారం తిరిగేలోగా పిల్లలంతా ఇళ్ళకు వచ్చారు.

పైడిరాజు మీద విచారణ కూడా ఆ వారంలోనే మొదలైంది.

విచారణలో ఒక చిక్కు వచ్చిపడింది. పైడిరాజే లీకు కనిపెట్టి బాగుచేశాడని రాస్తే అతనికి నలభైకి మించిన సామర్థ్యం ఉన్నట్టు ప్రభుత్వమే ఒప్పుకున్నట్టవుతుంది. అతనికి ఆ సామర్థ్యం లేదని రాస్తే లీకు ఎవరు కట్టారో చెప్పాలి. పైడిరాజును అడిగితే నేనే కట్టానన్నాడు. డైరెక్టరుగారు తొందరపడి చెప్పవద్దని, ఆలోచించుకుని మళ్ళీ చెప్పమని రెండుసార్లు అవకాశమిచ్చారు. రెండుసార్లూ అదే చెప్పాడు. అప్పుడు యోర్గెన్ లేచి, ఈ మనిషి తన శిష్యుడు కాదని, తనకు గురువని, రెండేళ్ళుగా తానే నేర్చుకుంటున్నానని, ఆ సంగతి రాసుకోవాలని తెలుగులోనే చెప్పాడు. డైరెక్టరుగారు గొంతు సవరించుకుని గుమాస్తాకు చెప్పి రాయించారు: "నిపుణుని సమక్షమున విజ్ఞాన మార్పిడి సంతృప్తికరముగా జరిగినది." ఎవరినుంచి ఎవరికి అన్నది రాయనక్కర్లేదట. మార్పిడి అంటే రెండు వైపులా అనే అర్థం.

ఇక లీకు సంగతి. అది బాగుపడలేదని తీర్మానించారు. బాగుపడని లీకును బాగుచేసినందుకు ఎవరినీ శిక్షించడం కుదరదు గనక పైడిరాజును వదిలేశారు. భానోజీరావు బయటికి వచ్చి అతని భుజం తట్టి, గండం గడిచిందన్నాడు.

గడిచింది పైడిరాజుకే. లీకు బాగుపడలేదు గనక చేపలవీధి నీళ్ళు కలుషితమైనవేనని అధికారికంగా ఖాయమైంది. కుళాయికి ఒక బోర్డు చొప్పున "ఈ నీరు త్రాగరాదు" అని కట్టారు. రోజుకు రెండు ట్యాంకర్లు వచ్చి ఆ సందులో నిలబడేవి. ఆ ట్యాంకరు నీళ్ళు ఏ చెరువులోవో గాని తాగితే గొంతు గరగరలాడేది. ఆడవాళ్ళు వాటితో వాకిళ్ళు కడిగి, చేపల బుట్టలు కడిగి, బోర్డు ఎత్తిపట్టుకుని కుళాయి నీళ్ళు తాగేవారు. ఏడాది గడిచాక, ఇంతకాలంగా మురుగునీరు తాగుతూ కూడా చేపలవీధిలో ఒక్కరికీ జబ్బు రాకపోవడం పైవారి దృష్టికి వచ్చింది. ఆ జనంలో ఉన్న ప్రత్యేక రోగనిరోధక శక్తి ఏమిటో తేల్చడానికి ఒక బృందం వచ్చి పోలమ్మ వేలి నుంచి రక్తం తీసుకుని వెళ్ళింది.

ఆ తరవాత పథకం సాఫీగా సాగింది. పైడిరాజు గ్రాఫు ప్రకారం తెలివి తెచ్చుకున్నాడు. మూడో ఏడు అరవై, నాలుగో ఏడు ఎనభై, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. పై దేశంలో జరిగిన ఒక సభలో ఆ గ్రాఫును తెర మీద వేసి చూపించారట. మనిషికి చదువు ఇంత క్రమంగా రావడం ఎక్కడా చూడలేదని అక్కడివాళ్ళు ఆశ్చర్యపోయారట. అయిదో ఏడు నూరో లీకు దొరికిన రోజున పథకం ఆఫీసులో సభ పెట్టి అతనికి శాలువా కప్పి, సర్టిఫికెట్టు ఇచ్చారు. రెండు మాటలు మాట్లాడమంటే పైడిరాజు మైకు ముందు నిలబడి, అయిదేళ్ళ కిందట తనకేమీ రాదని, ఇప్పుడన్నీ వచ్చునని, కాగితంలో ఉన్నట్టే చెప్పి దిగిపోయాడు. యోర్గెన్ చప్పట్లు కొట్టలేదు. తల వంచుకుని బూట్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

పథకం ముగిసే ముందు మదింపు బృందం వచ్చింది. ఇద్దరు దొరలు, ఒక దొరసాని. గ్రాఫు చూశారు, ఫోటోలు చూశారు, చాలా మెచ్చుకున్నారు. ఆఖర్న దొరసాని ఒక చిన్న ప్రశ్న వేసింది. మేమంతా వెళ్ళిపోయాక ఈ పని ఎవరు చేస్తారు అని. భానోజీరావు పైడిరాజును చూపించాడు. ఆమె తల ఊపి, ఆయన కాక ఇంకెవరని అడిగింది. విభాగంలో మిగతా నలుగురిలో ఇద్దరికి బదిలీ అయింది. ఒకతను పథకం జీపు డ్రైవరయ్యాడు. ఇంకొకతను ఆ క్షణంలో టీ కప్పులు అందిస్తున్నాడు. అయిదేళ్ళూ సీనియరుకు నేర్పడంలో వాళ్ళకు నేర్పడానికి వీలు చిక్కలేదు.

పైడిరాజే నోరు విప్పాడు.

"నాను కూడా ఉండను బాబూ. ఈ నెలాఖరుకి రిటైరైపోతన్నాను."

త్రివిక్రమరావుగారి ముఖం తెల్లబడింది. పైడిరాజుకు ఆ ముఖం మీద జాలి కూడా వేసింది. కాని అది ఎంతోసేపు తెల్లగా లేదు. ఆయన ఒక్క క్షణం గ్రాఫు వైపు చూశారు, ఒక్క క్షణం పైడిరాజు వైపు చూశారు, మెల్లగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే, ఒకటో తేదీకి స్థానిక సామర్థ్యం సున్నా అవుతుందన్నమాట," అన్నారు.

మదింపు బృందం ముగ్గురూ ఒకేసారి రాసుకోవడం మొదలుపెట్టారు. సున్నా ఉన్నచోట అవసరం ఉంటుంది, అవసరం ఉన్నచోట రెండో దశ ఉంటుంది. ఈసారి అయిదేళ్ళు చాలవని, ఎనిమిదేళ్ళు కావాలని ఆ గదిలోనే తేలింది. డైరెక్టరుగారు పైడిరాజును గుమ్మం దాకా సాగనంపారు. సరైన సమయానికి రిటైరవుతున్నావని చెయ్యి పట్టుకుని చెప్పారు. రిటైరైనవాళ్ళ చేత నేర్పించుకోవచ్చు కదా అని పైడిరాజు అడిగాడు. బయటివారిని తీసుకోవాలంటే విదేశీయులై ఉండాలని ఆయన విచారంగా సెలవిచ్చారు.

యోర్గెన్‌ను రెండో దశలో ఉంచలేదు. భాష వచ్చేసినవాడు తటస్థంగా ఉండలేడని అతని దేశం వారు అభిప్రాయపడ్డారు. ఎక్కడో ఇసుక దేశానికి, ఇనుప ఊచతో లీకులు కనిపెట్టే విధానంలో నిపుణుడిగా బదిలీ చేశారు. వెళ్ళేముందు పైడిరాజు ఇంట్లో నేల మీద కూర్చుని చింతకాయ వేసిన చేపల పులుసు తిన్నాడు. సన్యాసమ్మ మారు వడ్డిస్తుంటే వద్దనలేదు.

"నా రిపోర్టుల నీ పేరు రాసినాను పైడిరాజూ. నాకు నేర్పినోడు ఈడే అని. మావోళ్ళు కొట్టీసినారు," అన్నాడు.

"పోనీండి నాయుడుగారూ. మీకు ఇనిపిస్తంది గదా. అక్కడోళ్ళు నలుగురికి సెప్పండి. సీనియరుకి ఒద్దు, రానోడికి సెప్పండి," అన్నాడు పైడిరాజు.

యోర్గెన్ చెయ్యి కడుక్కోవడానికి లేచి పెరట్లో చాలాసేపు నిలబడ్డాడు.

రిటైరైన మూడో వారంలో పైడిరాజు పెన్షను కాగితాల పని మీద మునిసిపాలిటీకి బయలుదేరాడు. బజారు దాటి కూరగాయల మార్కెట్టు మలుపు తిరిగేసరికి రోడ్డు మధ్యన పైపు పగిలి నీళ్ళు పొంగుతున్నాయి. మోకాళ్ళలోతున వంకాయలు, టమాటాలు తేలుతున్నాయి. అతను అలవాటు కొద్దీ చూశాడు. వాల్వు ఎక్కడుందో తెలుసు, మసీదు మలుపులో సిమెంటు పలక కింద. ఎన్ని చుట్లు తిప్పాలో కూడా తెలుసు. తిప్పే కీ మాత్రం చేతిలో లేదు. రిటైరైన రోజే రసీదు తీసుకుని అప్పగించేశాడు. స్టోరు నుంచి తెమ్మని ఎవరికైనా చెప్పడానికి అటూ ఇటూ చూశాడు.

నీళ్ళకు అవతల గట్టున కొత్త టోపీలు పెట్టుకున్న నలుగురు కుర్రవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలో కెమెరా ఉంది. పైడిరాజు అక్కడికి వెళ్ళి, నీళ్ళు కట్టించాలంటే కీ కావాలని, వాల్వు తాను చూపిస్తానని చెప్పాడు. వాళ్ళు మర్యాదస్తులు. ఇప్పుడే కట్టకూడదని, రెండో దశ బేస్‌లైను కోసం వచ్చామని, పరిస్థితి పూర్తిగా రికార్డు కావాలని వివరించారు. ఎంతసేపని అడిగాడు. మధ్యాహ్నం దాకా అన్నారు, వెలుతురు అప్పుడే బాగుంటుందట.

కూరగాయలు అమ్ముకునే ఒకామె తేలిపోతున్న బుట్ట కోసం నీళ్ళలో పడుతూ లేస్తూ పరుగెడుతోంది. పైడిరాజు పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగి బుట్ట పట్టుకున్నాడు. దాన్ని ఆమెకు అందించి, నడుం మీద చెయ్యి వేసుకుని, నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆ చోటునే చూస్తూ నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఫోటో తీశారు.

ఆ ఫోటో చాలా బాగా వచ్చింది. రెండో దశ పుస్తకానికి అట్ట మీద అదే వేశారు. వెనక నీళ్ళు, ముందు తడిసిన పంచెతో ముసలి మనిషి. కింద సన్నటి అక్షరాల్లో ఇలా ఉంది: "సాంకేతిక సహాయం కొరకు నిరీక్షించుచున్న స్థానికుడు."